రెండోసారి అడుగుతారనుకుని

పార్సిల్ చట్నీని దారంతో కట్టడం కనిపెట్టిన మనిషెవరో గానీ, విప్పే సంగతి ఆలోచించలేదు. ఇడ్లీలతో నాకు తగువు లేదు. వాటికి ఆకుంటుంది, కాగితముంటుంది, విప్పితే విప్పుకుంటాయి. చట్నీని మాత్రం పల్చటి కవర్లో పోసి, మెడ బిగించి, తెల్లదారం చుట్టి చుట్టి, చివర ఎక్కడుందో కట్టినవాడికి కూడా తెలియకుండా దాచేస్తారు. గోళ్లతో రాదు. పళ్లతో లాగితే వస్తుంది, దారంతో పాటు చట్నీ కూడా వస్తుంది, అదీ మనం అనుకున్న దిక్కుకి కాదు. కత్తెరతో కత్తిరించుకోవచ్చు కదా అంటారు. పొద్దున్నే కత్తెర చేతికి దొరికే ఇల్లయితే ఇడ్లీ కూడా ఇంట్లోనే వండుకుంటారు.

ఈ ఫిర్యాదు ఎవరికి చేసినా ఉపయోగం లేదని తెలుసు. అయినా ఎందుకు చెబుతున్నానంటే, నాలుగేళ్లు కాలేజీలో చదివినదాన్ని నేను సరిగ్గా చదివింది ఆ చట్నీ ముడులు విప్పుతూనే.

అప్పుడు రణస్థలంలో మా అక్క వాళ్ల అద్దె ఇంట్లో ఉన్నాను. బావ హైవే పక్కనున్న ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఇన్‌చార్జి. ఆవిరి, నీళ్లు, గాలి, చల్లదనం, అంటే మందు తప్ప ఫ్యాక్టరీలో ఉన్నవన్నీ ఆయన చూస్తాడు. అలా అని ఆయనే చెబుతాడు. ఆ వారం ఆయనది రాత్రి డ్యూటీ. పొద్దున్నే బండి దిగి, హెల్మెట్ తియ్యకుండానే పార్సిల్ నా ఒళ్లో పడేసేవాడు. నేను దారం చివర వెతికేలోపు ప్రశ్న పడేది.

"పంపులోంచి గులకరాళ్లు దొర్లినట్టు సప్పుడొస్తన్నాది. ఏటి రోగం?"

"కేవిటేషన్ బావా. నీళ్లు లాక్కునే వైపు ఒత్తిడి తగ్గిపోయి లోపల బుడగలు పేలుతున్నాయి."

"మందేటి?"

"సక్షన్ వైపు వాల్వు పూర్తిగా తెరిచుందో లేదో చూడాలి. స్ట్రెయినరులో చెత్త చేరి మూసుకుపోయిందేమో..."

"ముందు ఆ ముడి సంగతి సూడు. సట్నీ కారిపోతన్నాది."

ముడి విప్పాక అడగొచ్చు కదా అంటే ఆయనకో సిద్ధాంతం ఉంది. "ఇంటర్వ్యూలో సేతులు వణుకుతాయిరా. సేతులు ఒక పక్కన అగసాట్లు పడుతుంటే నోరు తిన్నగా సెప్పాలి. అదీ ప్రాక్టీసు."

ఇంటర్వ్యూ ఆయన ఫ్యాక్టరీలోనే. ఆయన చూసే యుటిలిటీ విభాగంలో ట్రెయినీ ఇంజనీరు, ఒకే ఒక్క పోస్టు. బావ తన మెయింటెనెన్స్ మేనేజరు చెవిలో నా సంగతి వేశాడు. "మా బామ్మర్ది సార్, మెకానికల్, బాయిలర్ దగ్గర నిలబడినోడు" అన్నాడట. ఆ మాటలో అబద్ధం లేదు. విజయనగరంలో ఒక జనపనార మిల్లులో బాయిలర్ హౌసులో కొన్నాళ్లు పనిచేశాను. ఒక ఉదయం వెళ్లేసరికి గేటుకి తాళం, తాళం పక్కన నోటీసు. నోటీసులో తాత్కాలికం అని రాసుంది. తాళం చూస్తే అలా అనిపించలేదు.

తర్వాత అందరిలాగే హైదరాబాదు వెళ్లి, ఒక గదిలో పడి ఉండి, కంప్యూటర్ కోర్సు చేశాను. నాకూ కంప్యూటర్‌కీ మధ్య గౌరవం ఉండేది గానీ చనువు కలగలేదు. వెనక్కొచ్చేశాను. వచ్చిన దగ్గర్నుంచి మా ఊరి పక్క శృంగవరపుకోటలో బస్సు దిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు "ఏటి, సెలవా?" అని అడిగేవారు. ఇంత పొడుగు సెలవు మా జిల్లాలో కలెక్టరుకి కూడా ఉండదు. అడిగేవాళ్లకీ ఆ సంగతి తెలుసు.

ఇక సాలూరులో మా మావ. అమ్మకి తమ్ముడు. ఆయనకి అక్కడ లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసుంది. మావ మంచివాడు, భయం అంతా అక్కడే. చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. ఆయన నాకోసం ఆఫీసులో కుర్చీ కొనేశాడు. తిరిగే కుర్చీ, చేతులున్నది. దాని ఫోటో వాట్సాప్‌లో పంపించాడు. తర్వాత ఫోన్ చేశాడు. అప్పటికి నేనింకా మా ఇంట్లోనే ఉన్నాను.

"సూసేవేట్రా?"

"చూశాను మావా. బాగుంది."

"పైన కవరు తియ్యనీలేదు ఎవులినీ. నువ్వొచ్చి తియ్యాల."

"ఈ ఇంటర్వ్యూ ఒకటుంది మావా."

"తెలుసురా, మీ యమ్మ సెప్పింది. ఎల్లిరా. వస్తే మంచిదే, నేను కాదంతానేటి? గాని రాకపోతే మరింక అదుందీ ఇదుందీ అనకు. సక్కా వచ్చి కూకో."

"అలాగే మావా" అన్నాను. పక్కనే అమ్మ కూడా విన్నది. అందువల్ల అది మాట ఇచ్చినట్టే అయింది.

ఆ ఆఫీసులో చెడ్డదేమీ లేదు. ఫ్యాను ఉంది, దేవుడి పటం ఉంది, పొద్దస్తమానం డ్రైవర్లకి ఫోన్ చేసి ఎక్కడున్నావు, ఎప్పటికొస్తావు అని అడగటం పని. వాళ్లెక్కడున్నా వచ్చేస్తున్నాననే చెబుతారు. ఎవరికీ కష్టం లేదు. కానీ నాకు యంత్రం పక్కన నిలబడటం ఇష్టం. ఇది చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగా ఉంటుంది, ఏదో పాట ఇష్టమనో వాన ఇష్టమనో చెప్పినట్టు ఉండదు. మిల్లులో బాయిలర్ దగ్గర ఆ వేడిలో, ఆ రొదలో, నా బుర్ర నిదానంగా పనిచేసేది. ఇంకెక్కడా అలా పనిచెయ్యలేదు. ఈ ఉద్యోగం రాకపోతే ఆవిరితో నా సంబంధం ఇంక ఇడ్లీ పాత్ర వరకే.

ఇంటర్వ్యూ ముందురోజు బావకి సెలవు. పొద్దున్నే హాల్లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి ఇంటర్వ్యూ పెట్టాడు. ఆయన ప్లాంట్ హెడ్డు. ప్లాంట్ హెడ్డు లుంగీలో ఉన్నాడు. అక్క హెచ్చార్. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తూ కూర్చుంది. నన్ను వీధి గుమ్మంలో నిలబెట్టి తలుపు తట్టమన్నారు. తట్టాను. ఎదురింటావిడ బయటికొచ్చి, "ఏటి బాబూ, ఇంట్లో ఎవులూ లేరా?" అని అడిగింది. ఉన్నారనీ, పిలిచేదాకా లోపలికి వెళ్లకూడదనీ చెప్పాను. ఆవిడ నన్ను జాలిగా చూసి లోపలికి పోయింది. బావకీ బామ్మర్దికీ చెడిందని సాయంత్రానికి వీధంతా తెలిసింది.

"కమిన్" అన్నాడు బావ.

వెళ్లి కూర్చున్నాను.

"కూకోమన్నానా?"

లేచాను.

"సిట్."

కూర్చున్నాను.

"టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్."

దీనికి ఇంగ్లీషులో ఒక పేరా తయారుగా ఉంది. నేను కష్టజీవిననీ, కొత్త విషయాలు నేర్చుకోవాలనే దాహం ఉందనీ, నలుగురితో కలిసి పనిచేస్తాననీ అందులో ఉంది. ఆ పేరాలో మనిషిని నేనెప్పుడూ కలవలేదు. కానీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాను.

"నీలో బలహీనత ఏటి?" అంది అక్క, చిక్కుడుకాయ ఈనె లాగుతూ.

"పనిలో పడితే టైము తెలీదండి."

"ఎవులికి, నీకా?" అక్క చేతిలో కాయ ఆగిపోయింది. "పొద్దున్న లెగమంటే దుప్పటి ముసుగు తన్నేసి..."

"ఒసే, నువ్వు హెచ్చారువి. అక్కవి కాదు" అన్నాడు బావ.

"హెచ్చారైతే కళ్లు లేవేటి?"

నవ్వుకున్నాం. బావే ముందు నవ్వు ఆపేశాడు. కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించి, "సూడరా" అన్నాడు. "నేను ఆ మేనేజరుని ఇన్నాళ్లలో ఒక్కటీ అడగలేదు. సెలవు కూడా ఇమ్మని అడగను, రాసి పెట్టేస్తాను. నీకోసం నోరు తెరిసేను. నువ్వు లోపలేటి సేస్తావో అది రేపు కేంటీన్లో నా ప్లేటు పక్కన కూకుంటాది. అర్థమైనాదా?"

అర్థమైంది. ఆ తర్వాత అక్క అన్నం పెడితే ఏం తిన్నానో గుర్తులేదు.

మర్నాడు బావే బండి మీద తీసుకెళ్లాడు. హైవే మీద లారీలు రాసుకుంటూ పోతుంటే నా ఇస్త్రీ చొక్కా గాలికి ఉబ్బింది. గేటుకి ఎదురుగా రోడ్డవతల టీ బంకు దగ్గర ఆపి, "నేనిక్కడే ఉంటాను" అన్నాడు. "లోపలికి రాను. నన్ను సూస్తే నీకు నవ్వొస్తాది. నిన్ను సూస్తే నాకు ఏడుపొస్తాది."

లోపల ఆఫీసు బ్లాకులో మమ్మల్ని ఒక హాల్లో కూర్చోబెట్టారు. ఏసీ బాగా ఎక్కువ పెట్టారు. మా చొక్కాల కింద చెమట అక్కడికక్కడే చల్లబడింది. అందరి ఒళ్లోనూ ఫైళ్లు, అందరి పెదాలూ కదులుతున్నాయి. శబ్దం లేదు. ఎవరి పేరా వాళ్లు చదువుకుంటున్నారు. నా పక్క కుర్చీలో ఒకమ్మాయి మాత్రం ఏమీ చదవకుండా, బూట్ల లేసు విప్పి మళ్లీ గట్టిగా కట్టుకుంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీదేవూరండి?"

"కోట పక్కనండి. శృంగవరపుకోట. మీది?"

"కళింగపట్నం. మావోల్లది సేపల వేట. మెకానికలా?"

"అవునండి."

"నేనూ అదే. ఒకటే పోస్టంట గదా."

"ఒకటేనంట."

"అయితే మనిద్దర్లో ఒకలికి రాదు."

హాలంతా చూపించి, "ఇంకా ఇంతమంది ఉన్నారు కదండీ" అన్నాను.

ఆ అమ్మాయి కూడా హాలంతా ఓసారి చూసింది. "ఈల్లకి ఎలాగూ రాదులెండి" అంది, ఎవరినీ నొప్పించే ఉద్దేశం లేకుండా. తర్వాత, "బోటు ఇంజన్ ఎప్పుడైనా విప్పేరా?" అని అడిగింది. లేదన్నాను. తను విప్పిందట. వాళ్ల నాన్న వద్దంటుండగానే. మళ్లీ బిగించాక నడిచిందా అని అడగబోయాను. లోపలి నుంచి నన్ను పిలిచారు.

గదిలో పొడుగాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ప్లాంట్ హెడ్డు. తెలుగాయనే గానీ చాలాకాలం గుజరాత్ వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసి వచ్చాడని బావ ముందే చెప్పాడు. మాటలో అనవసరమైన అక్షరం ఉండదు. ఆయనకి కుడిపక్కన బావ చెప్పిన మెయింటెనెన్స్ మేనేజరు, పాలకొండ మనిషి. ఎడంపక్కన హెచ్చార్ మేడం. ఈవిడ దగ్గర చిక్కుళ్లు లేవు, లాప్‌టాప్ ఉంది.

నా గురించి చెప్పమని ఎవరూ అడగలేదు. ఇంగ్లీషు పేరాలో ఉన్న ఆ కష్టజీవి బయటే ఉండిపోయాడు.

"మిల్లులో బాయిలర్ చూశావా?" అన్నాడు ప్లాంట్ హెడ్డు.

"చూశానండి."

"గేజి గ్లాసులో నీళ్లు కనపడట్లేదు. మొదట ఏం చేస్తావు?"

గేజి గ్లాసు అంటే బాయిలర్‌కి బయట బిగించిన గాజు గొట్టం. లోపల నీళ్లు ఎంతవరకు ఉన్నాయో అందులో చూసి తెలుసుకుంటాం.

"మంట ఆపేస్తానండి."

"నీళ్లు పెట్టవా?"

"పెట్టనండి."

"నీళ్లు లేవు కదా. పెట్టాలి కదా?"

ఇది బావ నేర్పిన ప్రశ్న కాదు. కానీ ఆ ప్రశ్నలోకి నాకు దారి తెలుసు. "లోపల గొట్టాలు ఎంత కాలిపోయాయో బయటి నుంచి తెలీదండి. ఎర్రగా ఉన్న గొట్టాల మీద చల్లటి నీళ్లు పడితే ఒక్కసారి ఆవిరైపోయి బాయిలరు పేలిపోవచ్చు. మంట ఆపి, చల్లారేదాకా ఆగి, తర్వాతే మిగతావన్నీ."

"ప్రొడక్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆవిరి కావాలి. మందు లాట్ పాడైపోతోందంటున్నారు."

"మంట ఆపే ఉంటుందండి."

"ఫోన్ చేసింది నేను."

మేనేజరు బల్ల మీద పెన్ను తిప్పడం మానేశాడు. "మీరైనా ఆపే ఉంటుందండి" అన్నాను. "మిల్లులో ఒకసారి అలాగే అయ్యిందండి. సూపర్‌వైజరు పైనుంచి కేకలేశాడు. నేను మంట ఆపేసి అక్కడే నిలబడ్డాను. తర్వాత తెరిచి చూస్తే నీటి మట్టం చూసే ఫ్లోటు ఇరుక్కుపోయి ఉందండి. పంపు దానంతటది ఆగిపోయింది, ఎవరికీ తెలీలేదు."

"సూపర్‌వైజరు ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండి. టీ ఇప్పించాడు."

ప్లాంట్ హెడ్డు నవ్వలేదు, కానీ మొహంలో ఏదో కాస్త సడలింది. పంపుల గురించి అడిగాడు. చెప్పాను. ఆవిరి పైపుల్లో నీళ్లు ఎందుకు చేరకూడదో అడిగాడు. చెప్పాను. చేతులు బల్ల కింద వణుకుతూనే ఉన్నాయి, నోరు తిన్నగా పనిచేస్తోంది. చట్నీ సిద్ధాంతం నిజమేనని ఒప్పుకోవాలి. ప్లాంట్ హెడ్డు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తల ఊపాడు. అప్పుడు ఆయన నా కాగితాలు మూసి పక్కన పెట్టి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

"ట్రెయినీ సంగతి పక్కన పెట్టు. కొత్త బ్లాకుకి షిఫ్టు ఇంజనీరు కావాలి. బాయిలర్ హౌసు నీ చేతిలో ఉంటుంది. చేస్తావా?"

"అయ్యో, వద్దండి" అన్నాను. "నాకెందుకండి అంతది. ట్రెయినీ చాలండి."

నేను ఆలోచించి అన్న మాట కాదు. తుమ్ము వచ్చినట్టు వచ్చింది.

మా ఇళ్లలో ఎవరైనా ఏదైనా ఇస్తానంటే మొదటిసారి పుచ్చుకోరు. కాఫీ తాగుతావా అంటే ఇప్పుడే తాగి వచ్చానంటాం, పొద్దుట్నుంచీ చుక్క నీళ్లు దిగకపోయినా. ఇంకో గరిటె అన్నం పెడతానంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. పెట్టేవాళ్లు ఆ చేతిని లెక్కచెయ్యరు. మళ్లీ అడుగుతారు, అప్పుడు కాస్త మెత్తబడతాం. మూడోసారికి, మీరింతలా అంటున్నారు కాబట్టి అన్నట్టు మొహం పెట్టి, ఇష్టంగా తింటాం. మొదటి పిలుపుకే చెయ్యి చాచినవాడి గురించి వెనక చెప్పుకుంటారు. మా నాన్న ఒకసారి జ్వరంతో పడిపోతే ఆసుపత్రిలో మంచం ఖాళీగా ఉంది పడుకోమన్నారు. పర్వాలేదండి, వద్దండి అన్నాడు, గోడకి ఆనుకుని. నర్సమ్మ మా వైపు మనిషి కాబట్టి మళ్లీ అడిగింది.

నేను ఆ గదిలో మెత్తగా నవ్వుతూ, కాస్త తల వంచి, రెండో అడుగుడు కోసం కూర్చున్నాను. ఎలా ఒప్పుకోవాలో కూడా తయారుగా ఉంది. "మీరంతగా అంటే" అని మొదలుపెడదామనుకున్నాను.

"సరే" అన్నాడు ప్లాంట్ హెడ్డు.

కాగితం మీద ఏదో రాశాడు. చాలా చిన్న మాట. నాకు తలకిందులుగా కనపడింది గానీ చదవలేకపోయాను. మేనేజరు నా మొహంలోకి చూశాడు. పాలకొండ మనిషి కదా, ఆయనకి అర్థమైంది. పెదవి కదిలింది. కానీ పెద్దాయన అప్పటికే పెన్ను మూత పెట్టేశాడు. మేనేజరు కూడా నోరు మూసుకున్నాడు.

"ట్రెయినీ అయినా బాధ్యత తీసుకునే మనిషే కావాలి" అన్నాడు ప్లాంట్ హెడ్డు, నాతోనా ఆ కాగితంతోనా తెలియకుండా. "తెలియజేస్తాం."

తెలియజేస్తాం అన్న మాట అప్పటికి నేను చాలా గదుల్లో విన్నాను. తెలియజేసినవాళ్లు లేరు.

"సార్, అంటే..." అన్నాను.

"నెక్స్ట్ పిలవండి" అంది మేడం. అప్పటికే తలుపు తెరుచుకుంది. కళింగపట్నం అమ్మాయి లోపలికి వస్తూ నా మొహం చూసి, ఒక అడుగు ఆగి, పక్కకి తప్పుకుని దారిచ్చింది.

వరండాలోకొచ్చి బావకి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"ఏటైనాది?"

"బాయిలర్ ప్రశ్న అడిగారు బావా. బాగా చెప్పాను."

"సెప్పేవా! మరేటి, ఆ గొంతేటి?"

"ట్రెయినీ కాదు, షిఫ్టు ఇంజనీరుగా చేస్తావా అని అడిగారు."

"ఓర్నాయనో! షిఫ్టింజనీరే!" పక్కన టీ తాగుతున్న వాళ్లెవరితోనో, "మా బామ్మర్దికి షిఫ్టింజనీరు పోస్టంట" అని చెప్పడం వినబడింది. ఎవరో, "అయితే టీ నువ్వే" అన్నారు. మళ్లీ నాతో, "నువ్వేటన్నావు?"

"వద్దన్నాను."

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. తిడతాడనుకున్నాను.

"మల్లీ అడగలేదా?" అన్నాడు.

"లేదు."

"ఒకపాలే అడిగేరా?"

"ఒక్కసారే."

"అదేటి పద్దతిరా!" బావకి నిజంగా కోపం వచ్చింది, నా మీద కాదు. "మనిసిని పిలిసి కూకోబెట్టి, ఒకపాలి అడిగి వదిలెత్తారా ఎవులైనా?" తర్వాత ఆయనకీ సంగతి ఎక్కింది. ఊపిరి గట్టిగా వదిలాడు. "ఒరే. ఇంకా ఆ వరండాలోనే ఉన్నావా?"

"ఉన్నాను."

"లోపలికెల్లు."

"లోపల ఇంకొకళ్లున్నారు బావా. ఇంటర్వ్యూ నడుస్తోంది."

"నడవనీ. రేపు కేంటీన్లో ఏటని సెప్పమంతావు నన్ను? పోస్టిస్తంటే మా బామ్మర్ది మొగమాటపడ్డాడని సెప్పమంతావా? ఎల్లు. బేగి ఎల్లు."

ఫోన్ జేబులో పెట్టుకున్నాను. తలుపు మీద నా వేళ్లు రెండుసార్లు ఆగాయి. జీవితంలో తొలిసారి ఎవరూ అడక్కుండా ఒక గదిలోకి వెళుతున్నాను. తట్టాను. కమిన్ అనే మాట వినపడిందో లేదో తెలీదు, తెరిచేశాను.

ముగ్గురూ తలెత్తారు. కుర్చీలో కూర్చున్న అమ్మాయి కూడా మెడ తిప్పి చూసింది. బల్ల మీద ఆ అమ్మాయి గీసిన బొమ్మ ఏదో ఉంది. ఇంజన్ది అనుకుంటాను, బాగానే ఉంది.

"క్షమించండి సార్" అన్నాను. "నాకు ఆ పని కావాలండి. షిఫ్టు ఇంజనీరు."

"ఇప్పుడే వద్దన్నావు" అన్నాడు ప్లాంట్ హెడ్డు.

"మొదటిసారి వద్దంటామండి మా వైపు. మర్యాదకండి. మళ్లీ అడుగుతారని కూర్చున్నాను. మీరు అడగలేదు."

హెచ్చార్ మేడం లాప్‌టాప్ మీంచి చేతులు తీసేసింది. మేనేజరు గొంతు సవరించుకుని, "అది ఉంది సార్, ఇక్కడ" అన్నాడు, చాలా చిన్నగా, తనకి సంబంధం లేనట్టు.

ప్లాంట్ హెడ్డు ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. నమ్మాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోతున్నట్టున్నాడు. ఆయన కాగితాలు ఒకసారి తిరగేశాడు. అడుగునున్న నాది పైకి తీశాడు, దాని పక్కనే ఆ అమ్మాయిది పెట్టాడు. అప్పుడు అమ్మాయి వైపు తిరిగాడు.

"నీది ఈ జిల్లాయే కదా. ఇతను చెప్పేది నిజమేనా? మీ వైపు అంతేనా?"

ఆ అమ్మాయి నన్ను ఓసారి పైనుంచి కింద దాకా చూసింది. మొహంలో జాలి ఉంది, అబద్ధం చెప్పను.

"నిజమేనండి, అందరం అంతే" అంది. తర్వాత ఆయన వైపు తిరిగి, కుర్చీలో నిటారుగా కూర్చుని, "గాని సార్, నన్ను ఒక్కపాలి అడిగితే సాలండి" అంది.